మూడవ కాలమున బిగిసెడి ముంజేయి

తిరునాళ్ల రాత్రులలో మార్కాపురము, కంభము, గిద్దలూరు చుట్టుపట్ల పల్లెలలో తెల్లవార్లు కూర్చుండి పద్యనాటకమును చూచినవారికి హార్మోనిస్టు అనగా నెవరో చెప్పనక్కఱలేదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యమును ముగించి, చివరి అక్షరమును పట్టుకొని రాగమును పైస్థాయి కెత్తినప్పుడు జనుల చూపులన్నియు నటునిమీదనే నిలుచును గాని, ఆ రాగమును వెన్నంటి పోవుచు, నటుడు ఊపిరి తీసికొను సందులో తాను రెండు మూడు సంగతులను అతివేగముగా వేసి, మరల అతనికి శ్రుతి నందించు నా వ్రేళ్లను గమనించువారు అరుదు. దగ్గరగా కూర్చుండి చూచినచో ఒక విశేషము తెలియును. ఒక హార్మోనిస్టు వడిగా వాయించునప్పుడు మణికట్టు వెనుక పోగులు ఉబ్బి నిలుచును. బొటనవ్రేలు అరచేతిలోనికి ముడుచుకొనిపోవును. చిటికెనవ్రేలు తనకు పనిలేని వేళ కూడ గాలిలో నిటారుగా లేచి బిగిసియుండును. వాని స్వరములు ఒకదానిమీద నొకటి పడి కలగాపులగమగును. మఱియొకడు అంతకు మించిన వేగమున వాయించుచున్నను, వాని ముంజేయిని మాత్రమే చూచినవారికి వాడు తీరికగా కూర్చున్నాడని తోచును. మొదటివానికి బలము తక్కువ కాదు. తఱచుగా బలము వానికే హెచ్చు. పని ముగిసిన కండరమును ఎంత శీఘ్రముగా విడిచిపెట్టగలడనెడి విషయముననే ఈ ఇరువురకును భేదము కలదని శరీరశాస్త్రము చెప్పుచున్నది.

ఈ ప్రశ్నను పాశ్చాత్యులు పియానోను ముందుంచుకొని చర్చించిరి. మన పడమటి ప్రకాశమున పియానోను చూచినవారు బహుస్వల్పము. ఇచ్చటి మెట్లవాద్యము హార్మోనియమే, ఇటీవల దానికి తోడు చర్చిలలోను పెండ్లి కచేరీలలోను ఎలక్ట్రానిక్ కీబోర్డు. 1840 ప్రాంతమున పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబేన్ రూపొందించిన హార్మోనియము కాళ్లతో త్రొక్కి గాలి నింపునట్టిది. దానిని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుండి, ఒక చేత తిత్తి నూదుచు వేఱొక చేత వాయించుటకు అనువైన పెట్టెగా మార్చెను. ఈ సీమలోనికి మెట్లవాద్యము ప్రవేశించుటకు రెండు ద్వారము లుండెను. ఒకటి చర్చి: 1866లో ఒంగోలున క్లౌ దొర నెలకొల్పిన బాప్టిస్టు మిషను ఆ శతాబ్ది ముగియకమునుపే కంభము, మార్కాపురముల దాక వ్యాపించినది. రెండవది నాటకరంగము: గిద్దలూరునకు దక్షిణమున కడపజిల్లాలో, సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకముతో సురభి సమాజము పుట్టినది. 1970 వరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాకు పిమ్మట పేరిచ్చిన ప్రకాశము పంతులుగారు బాల్యమున ఒంగోలులో నాటకములాడి స్త్రీపాత్రలు ధరించినవారగుట ఈ సందర్భమున స్మరింపదగినది.

మన హార్మోనిస్టునకు ఇంత వేగమేల కావలసివచ్చెననుటకు వాద్యనిర్మాణమే కారణము. మెట్టునకు మెట్టునకు నడుమ స్వరము జారదు. వైణికుడు తీగను లాగియు, గాయకుడు కంఠమును వంచియు సాధించు గమకము మెట్లపై అసాధ్యము కావున, హార్మోనిస్టు చిన్నచిన్న స్వరములను దట్టముగా పేర్చి గమకభ్రాంతిని కలిగించును. 1940లో ఆలిండియా రేడియో వారు ఈ వాద్యమును బహిష్కరించినప్పుడు గమకరాహిత్యము కూడ దానిపై మోపబడిన నేరములలో నొకటి. రేడియోవారు వెలివేసినను నాటకమువారు విడువలేదు. విడిచినచో రాత్రి రెండు గంటలవేళ గొంతు తడియారిన నటునకు శ్రుతి నందించు దిక్కు మఱొకటి లేదు.

ఇక చేతి సంగతి. వ్రేళ్లను కదలించు కండరములేవియు వ్రేళ్లలో లేవు. చిన్నవి అరచేతిలోను, బలమైనవి మోచేతికి దిగువ ముంజేతిలోను ఉన్నవి. అచ్చటినుండి స్నాయువులనెడి పోగులు మణికట్టు గుండ పోయి వ్రేలియెముకల నంటుకొనియున్నవి. ఎడమ అరచేతితో కుడి ముంజేతిని మోచేతి దగ్గర చుట్టి పట్టుకొని, కుడిచేతి వ్రేళ్లను గాలిలో ఆడించినచో చర్మముక్రింద కండరముల కదలిక స్పష్టముగా తగులును. మణికట్టు లోపలివైపున నున్న ఇఱుకుదారిలో తొమ్మిది స్నాయువులును, వానితోబాటు ఒక ముఖ్యమైన నాడియు ఒరసికొనుచు పోవును. మఱియొక చిన్న పరీక్ష: అరచేతిని బల్లమీద బోర్లించి, నడిమివ్రేలిని మాత్రము లోనికి మడిచి, ఉంగరపు వ్రేలిని పైకెత్తుటకు యత్నింపవలెను. ఎంత గింజుకొన్నను అది లేవదు. చేతి వెనుకభాగమున వ్రేళ్లను చాచు స్నాయువులు ఒకదానితో నొకటి అడ్డపోగులచే ముడివడి యుండుటచే ఒకదానిని కట్టివేసిన రెండవదానికి స్వేచ్ఛ పోవును. ఉంగరపు వ్రేలిని కష్టపడి విడిగా పైకెత్తుటను అలవాటు చేసికొనదలచినవారు దేహనిర్మాణముతో పోట్లాడుచున్నారన్నమాట. జర్మను స్వరకర్త రాబర్ట్ షూమన్ 1830 దశకపు ప్రారంభమున కుడిచేతిని చెడగొట్టుకొని పియానో వాదన వృత్తికి దూరమగుటకు, వ్రేలికి తగిలించుకొని సాధన చేసిన యంత్రమొకటి కారణమని చాలమంది నమ్మిక.

ప్రతి వ్రేలికిని ముడుచు కండరము, చాచు కండరము అని రెండు వర్గములు కలవు. మెట్టు నొక్కునప్పుడు ముడుచునది పనిచేసి, చాచునది విశ్రమింపవలెను. పైకి లేచునప్పుడు ఇది తాఱుమాఱు కావలెను. రెండును ఒకేసారి బిగిసినచో వ్రేలు కదలక, శ్రమ మాత్రము వ్యయమగును. నేర్చుకొనుచున్నవానికి ఇదియే జరుగును. మార్కాపురము పలకమీద బలపము పట్టి ఓనమాలు దిద్దు పిల్లవానిని చూచినచో ఈ స్థితి కన్నులకు కట్టును. బలపమును ఎంత గట్టిగా పట్టునంటే గోరుచివరలు తెల్లబడును. నాలుక బయటకు వచ్చును. భుజము చెవిదాక లేచును. ‘అ’ అక్షరమును చేతితో గాక మొత్తము మొండెముతో వ్రాయును. రెండు వరుసలు ముగియకమునుపే చేయి నొప్పియనును. రష్యను శరీరశాస్త్రజ్ఞుడు నికొలాయ్ బెర్న్‌స్టీన్ దీనికి చెప్పిన వివరణము మనోహరముగా నుండును. భుజము, మోచేయి, మణికట్టు, వ్రేలికణుపులు ఇన్నిటి కదలికలను ఏకకాలమున శాసించుట నేర్వని మెదడు, శాసింపలేని కీళ్లను బిగించి కదలకుండ చేసి, మిగిలిన ఒకటి రెండింటితో పని నెట్టుకొనివచ్చును. అభ్యాసము ముదిరినకొలది ఒక్కొక్క కీలునే విడుదల చేయును. బిగువు తప్పు కాదు, అది నేర్పునకు తొలిమెట్టు. ఆ మెట్టుమీదనే కాపురము పెట్టుట తప్పు.

కండరము సడలుట అనగా ఊరకుండుటయే గదా యని చాలమంది భావింతురు. అది సరికాదు. మెదడునుండి ఆజ్ఞ వచ్చినప్పుడు కండరకణములోని సంచులనుండి కాల్షియం వెలువడి సంకోచమునకు కారణమగును. సడలవలెనన్న ఆ కాల్షియమునంతటిని తోడి మరల సంచులలోనికి పంపవలెను, ఆ తోడుటకు ఏటీపీ యనెడి ఇంధనము ఖర్చగును. మరణానంతరము దేహము కొయ్యబారుటకు కారణము ఈ ఇంధనము నిలిచిపోయి కండరములు సడలజాలకపోవుటయే. బిగించుటకు పట్టు కాలముకంటె సడలుటకు పట్టు కాలము సామాన్యముగా ఎక్కువ. ఒక ఆజ్ఞవలన కలిగిన బిగువు తీఱకమునుపే రెండవ ఆజ్ఞ వచ్చిపడినచో రెండవ బిగువు మొదటిదానికి కలియును, మూడవది ఆ రెండింటికి కలియును. కొంతసేపటికి కండరము కొట్టుకొనుట మాని ఏకధారగా బిగిసిపోవును. వేగముగా వాయించువాని చేయి పది పండ్రెండు స్వరముల తరువాత హఠాత్తుగా మొరాయించుటకు రహస్యమిది. అలసట తరువాతి మాట. ముందుగా జరుగునది అప్పు పేరుకొనుట.

మన సంగీతపాఠమున సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు మూడు కాలములలో సాధన చేయింతురు. మొదటి కాలమున సెకనుకు రెండు స్వరము లనుకొన్నచో రెండవ కాలమున నాలుగు, మూడవ కాలమున ఎనిమిది. అనగా స్వరమునకు స్వరమునకు నడుమ వ్యవధి అర సెకనునుండి సెకనులో ఎనిమిదవ వంతునకు దిగిపోవును. మొదటి కాలమున ప్రతి స్వరమును వలసినదానికంటె రెండింతల బలముతో నొక్కినను నష్టము పైకి కనబడదు. ఆ అర సెకనులో మిగులు బిగువు తనంత తానే తీఱిపోవును. మూడవ కాలమున తీఱుటకు సమయము లేదు. జంటస్వరములలో ఈ కష్టము మఱింత స్ఫుటము. సామాన్యుడు ఒక్క వ్రేలితో బల్లను తట్టగల వేగము సెకనుకు ఐదారు, మహా అయిన ఏడుసార్లు. మూడవ కాలపు జంటలో ‘సస’ను ఒకే వ్రేలితో కొట్టబోయినవాడు ఆ హద్దును దాటుటకు ముంజేతిని మొత్తముగా బిగించి వణికింపవలసివచ్చును. అనుభవజ్ఞుడు మొదటి ‘స’ను నడిమివ్రేలితోను, రెండవదానిని చూపుడువ్రేలితోను వేసి, ప్రతి వ్రేలికిని రెండింతల విశ్రాంతి నిచ్చును. వ్రేళ్లవరుసను నిర్ణయించుట వ్యాకరణమువలె శుష్కమైన పనియని శిష్యులు విసుగుకొందురు గాని, సడలింపునకు సగము మార్గము అచ్చటనే ఉన్నది.

బెర్న్‌స్టీన్ 1920 దశకపు చివరను మాస్కోలో పియానో వాదకుల చేతులను ఛాయాచిత్రములుగా పట్టి, ఒకే పనిని వేఱువేఱు వేగములలో చేయించి పరిశీలించెను. వేగపు కదలిక మందగతి కదలికను త్వరపెట్టగా వచ్చినది కాదని, వేగము మారినకొలది చేతి కదలికయొక్క స్వరూపమే మారునని అందువలన తేలినది. అమెరికను మనశ్శాస్త్రజ్ఞుడు కార్ల్ లాష్లీ 1951లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున సంగీతజ్ఞుని వ్రేళ్లు సెకనుకు పదునాఱు తాకిడుల దాక పోగలవని చెప్పెను. వ్రేలి స్పర్శ మెదడును చేరి, దిద్దుబాటు మరల వ్రేలికి వచ్చుటకు సెకనులో పదవ వంతు పైనే పట్టును గనుక, అంతటి వేగమున ప్రతి స్వరమును విడివిడిగా శాసించుట పొసగదు. స్వరముల గుంపునంతటిని మెదడు ముందుగానే కూర్చి, ఒక్క మాటగా పంపవలసియున్నది. కావున ‘నెమ్మదిగా వాయించుచు కొంచెము కొంచెముగా వేగము పెంచుము’ అనెడి గురువాక్యము సగమే సత్యము. స్వరక్రమమును, వ్రేళ్లవరుసను కుదుర్చుకొనుటకు మందగతి ఆవశ్యకమే. కాని మూడవ కాలపు కదలికను మూడవ కాలముననే, అయితే చిన్న తునకలుగా నేర్వవలెను.

నొక్కుడు బలమువలన ఏమైన లాభమున్నదా యని అడుగవచ్చును. పియానోలో మెట్టు ఒక సెంటీమీటరు మాత్రము దిగును. దానిని దింపుటకు సుమారు యాభై గ్రాముల బరువు చాలును. మెట్టు అడుగునకు చేరులోపలనే లోపలి సుత్తి మెట్టునుండి విడివడి స్వేచ్ఛగా తీగవైపు ఎగురును. ఆపైన ఎంత నొక్కినను నాదమున మార్పురాదు. హార్మోనియమున నొక్కుడునకు విలువ ఇంకను తక్కువ. మెట్టు చేయు పని గాలిద్వారమును తెఱచుటయే. నాదము బిగ్గరగానో మెల్లగానో ఉండుట తిత్తిలోని గాలి ఒత్తిడిపై ఆధారపడును. అయినను నటుడు గొంతెత్తి, జనులు ‘వన్స్ మోర్’ అని కేకలువేయు క్షణమున హార్మోనిస్టు వ్రేళ్లు మెట్లను పలకలోనికి దిగగొట్టునట్లు నొక్కును. ఆ బలమంతయు పెట్టె అడుగుచెక్కకు సమర్పణము. 1998లో జర్మనీలో పియానో వాదకుల వ్రేలిబలమును కొలిచి చూచిన పరిశోధకులకు, నిపుణులకంటె ఔత్సాహికులు మెట్లను ఎక్కువ బలముతో, ఎక్కువ సేపు నొక్కిపట్టుచున్నట్లు తేలినది.

హార్మోనియమునకు ఒక సుగుణమున్నది: అధికబలమును అది దాచును గాని, ఆలస్యముగా విడిచిన వ్రేలిని దాచదు. మెట్టు లేచువఱకు నాదము పోవుచునే యుండును గనుక, వెనుకటి వ్రేలు విడువకమునుపే ముందటి వ్రేలు పడినచో రెండు స్వరములు కలిసి మ్రోగును. దాచిన బలమును కూడ బయటపెట్టు ఉపాయమొకటి కలదు. తిత్తిని మూసివేసి, గాలి లేకుండ అదే సంగతిని వాయించి చూడవలెను. నాదము లేదు, వినబడునది మెట్లు అడుగునకు తగులు టకటక శబ్దము మాత్రమే. చేయి తిరిగినవాని మెట్లు మెత్తగా గుసగుసలాడును. బిగిసిన చేతిక్రింద అవియే టపటప కొట్టుకొనును. ఏ వ్రేలు పడినప్పుడు చప్పుడు పెద్దదగునో, ఏ మలుపునొద్ద ఆరంభమగునో చెవికి తెలిసిపోవును. బొటనవ్రేలు ఇతర వ్రేళ్లక్రిందుగా దాటు చోటనే సాధారణముగా దొరకును.

దొరికిన తరువాత చేయవలసినది స్వల్పము, కాని ఓపికతో కూడినది. నాలుగు స్వరములను పూర్తివేగమున వేసి ఐదవదానిపై ఆగవలెను. ఆగినచోట మెట్టు లేవకుండ ఉండుటకు చాలినంత బరువును మాత్రము ఉంచి, తక్కినదంతయు విడువవలెను. ప్రక్కనున్నవారు మణికట్టును క్రిందినుండి ఒక వ్రేలితో పైకి త్రోసినచో అది అడ్డుచెప్పక లేవవలెను. లేవలేదనగా ఆ తునక ఇంకను సిద్ధము కాలేదనియే అర్థము. సిద్ధమైన పిమ్మట ఆ ఐదవ స్వరమునుండియే తరువాతి తునకను ఎత్తుకొనవలెను; కొన్ని దినములకు రెండు తునకలను కలిపి ఎనిమిదింటి తరువాత ఆగవలెను. ఇట్లు విశ్రాంతి స్థానములను దూరము చేయుచు పోయినకొలది, ఆగినప్పుడు మాత్రమే జరుగుచుండిన సడలింపు ఆగకుండగనే జరుగుట ఆరంభించును.

‘చేయి పూర్తిగా వదలివేయుము’ అను సలహా మాత్రము వినదగినది కాదు. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఐరోపాలో ఇంగ్లాండున మాథే, జర్మనీలో బ్రైట్‌హాప్ట్ మొదలగువారు సడలింపును, బాహుభారమును ప్రచారము చేసిరి. వారి శిష్యులు కొందఱు ఆ సిద్ధాంతమును అతిశయోక్తి వఱకు తీసికొనిపోయిరి. 1929లో అమెరికాలో ఓటో ఆర్ట్‌మన్ ప్రయోగములతో చూపినదేమనగా, కొన్ని కీళ్లను స్థిరముగా నిలుపక ఏ వ్రేలును పనిచేయజాలదు, సంపూర్ణ శైథిల్యమున వాదనమే లేదు. ఈ వివాదమున నాకు ఆర్ట్‌మన్ మాటయే న్యాయముగా తోచుచున్నది. కావలసినది వలసినచోట, వలసినంతసేపు మాత్రమే ఉండు బిగువు.

బిగువు వ్రేళ్లలోనే పుట్టవలెనన్న నియమము లేదు. మోకాటిచిప్ప క్రింద సుత్తితో తట్టి వైద్యుడు పరీక్షించునప్పుడు కాలు సరిగా ఎగురనిచో, రోగిని రెండుచేతుల వ్రేళ్లను కొక్కెములుగా బిగించి లాగుమనును, లేదా పండ్లు బిగింపుమనును. అప్పుడు కాలు చక్కగా ఎగురును. పందొమ్మిదవ శతాబ్ది చివర హంగరీ వైద్యుడు యెండ్రాసిక్ కనుగొనిన ఈ ఉపాయము, దేహమున ఒకచోటి బిగువు వేఱొకచోటి నాడులను ఉద్రేకపఱచునని తెలుపుచున్నది. దవడ బిగించి, శ్వాస నిలిపి కఠినమైన సంగతిని వాయించువాడు తన ముంజేతికి తెలియకయే హాని చేసికొనుచున్నాడు. చేతిపెట్టెలో ఎడమచేయి తిత్తిని కొట్టు బలము కూడ కొంత కుడిచేతికి ప్రాకును. కుడిచేతి వేగము పెరిగినప్పుడెల్ల ఎడమచేయి కూడ తొందరపడి తిత్తిని ఎగబీల్చుట తఱచుగా చూచునదే. కాళ్లతో త్రొక్కు హార్మోనియమును నాటకమువారు మెచ్చుటకు రెండుచేతులు ఖాళీ యగుట ప్రధాన కారణమైనను, ఇదియు ఒక లాభమే.

వాయించుటకు ముందు మెటికలు విరుచుట కొందఱికి అలవాటు. ఆ శబ్దము కీలులోని ద్రవమున వాయుబుడగ సంబంధముగా పుట్టునది. ముంజేతి కండరములతో దానికి నిమిత్తము లేదు. నూనెమర్దనము, వేడినీరు సుఖమిచ్చును, అభ్యాసమును మార్పజాలవు. నొప్పియు తిమ్మిరియు విడువక వేధించుచుండినను, ఒక వ్రేలు ఇష్టములేకయే ముడుచుకొనిపోవుచుండినను సాధనను ఆపి వైద్యుని చూడవలసినదే. అమెరికను పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ 1960 దశకమున కుడిచేతి వ్రేళ్లు ఇట్లే స్వాధీనము తప్పగా, మూడు దశాబ్దముల పాటు ప్రధానముగా ఎడమచేతికై వ్రాయబడిన రచనలను వాయించుచు, 1990 దశకమున చికిత్సానంతరము మరల రెండుచేతులతో వేదిక నెక్కెను. అది నాడీమండలమునకు చెందిన వ్యాధి, సడలింపు పాఠములకు లొంగునది కాదు.

కడపటిదియు, బహుశః అన్నిటికంటె తేలికగా సవరింపదగినదియు ఆసనము. చేతిపెట్టెను నేలమీద నుంచి, తాను ఎత్తైన దిండుపై కూర్చుండి వాయించువాని మోచేయి మెట్లకంటె చాల ఎత్తున ఉండును; మణికట్టు వెనుకకు విఱిగినట్లు వంగును; పైన చెప్పిన తొమ్మిది స్నాయువులు ఆ ఇఱుకుదారిలో వంపు తిరిగి ఒరసికొనుచు పోవలసివచ్చును. భజనమందిరములలో ఈ దృశ్యము సర్వసామాన్యము. పెట్టెక్రింద రెండు మూడంగుళముల పీట నొకదానిని పెట్టి, మోచేయి మెట్ల మట్టమునకు కొంచెము మాత్రమే పైగా ఉండునట్లు చేసికొనవలెను. వాద్యము పాతదైనచో మెట్లక్రింది స్ప్రింగులలో కొన్ని తుప్పుపట్టి బిరుసెక్కియుండును. ఒక మెట్టు మెత్తగా, దాని ప్రక్కది మొండిగా ఉన్నప్పుడు వ్రేళ్లు అన్నిటినీ మొండిదానికి తగిన బలముతోనే కొట్ట నేర్చుకొనును. అట్టి పెట్టెను ముందు మరమ్మతు చేయువానియొద్దకు తీసికొనిపోయి స్ప్రింగులను సరిచేయించుకొని, జంటస్వరములను పిమ్మట మొదలుపెట్టుట మంచిది.